నల్ల యాలకులు, పచ్చ యాలకులు, తెల్ల యాలకులు: ఏది ఎక్కడ, ఎప్పుడు?

మీరు మూడు సంగతులు అడిగారు. పచ్చ యాలకులు అయిపోయి పాయసంలో నల్ల యాలకుల పొడి వేస్తే జలుబు మందు వాసన వచ్చిందన్నారు. ఒక పచ్చ యాలక్కాయకు బదులు నల్లది ఎంత వేయాలో లెక్క చెప్పమన్నారు. ఒక థాయ్ కూర రెసిపీలో ‘తెల్ల యాలకులు’ అని ఉంటే, అవి ఏమిటో తెలియక ఆగిపోయానన్నారు. మసాలాలతో పెద్ద వంటలు చేయడం నాకు రోజూ ఉండే పనే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు లెక్క సంగతి తేల్చేద్దాం. అలాంటి లెక్క లేదండీ. నల్లవి సగం వేసినా పావు వేసినా మందు వాసన తగ్గుతుందే కానీ యాలకుల పాయసం రాదు. రెండూ అల్లం, పసుపు కుటుంబంలోవే అయినా మొక్కలు వేరు. పచ్చ యాలకులు ఎలెటేరియా మొక్కకు కాస్తాయి, దాని పుట్టిల్లు పశ్చిమ కనుమలు. నల్లవి అమోమం అనే మరో తెగవి. సిక్కిం, డార్జిలింగ్ కొండలు, నేపాల్, భూటాన్, అంటే తూర్పు హిమాలయాల చల్లని వాలుల్లో పండుతాయి. ఆ కాయలను భట్టీ మీద పరిచి కింద కట్టెల మంట పెట్టి ఆరబెడతారు. నల్ల యాలకుల్లో మనకు తగిలే పొగ వాసన అక్కడ పట్టిందే.

పచ్చ యాలకుల వాసనలో పెద్ద వాటా రెండు పదార్థాలది. ఒకటి సినియోల్. నీలగిరి తైలం పీల్చినప్పుడు ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది దానివల్లే. రెండోది టెర్పినైల్ ఎసిటేట్, తియ్యగా, పూల వాసనగా ఉండే భాగం. యాలకులు వేసిన మిఠాయి నోట్లో పెట్టుకోగానే ‘ఆహా’ అనిపించేది ఈ రెండోదే. నల్ల యాలకుల నూనెలో సినియోల్‌దే రాజ్యం, ఆ తియ్యటి భాగం చాలా తక్కువ. దానికి పొగ తోడైంది. పాలు, చక్కెర లాంటి మెత్తని రుచుల మధ్య దాన్ని వేస్తే అడ్డుకునేది ఏమీ ఉండదు కాబట్టి నీలగిరి తైలం, పొగ రెండూ నేరుగా ముక్కుకు తగులుతాయి. మీకు వచ్చిన మందు వాసన అదే. మీ యాలకులు పాడైనవేమో అన్న టెన్షన్ వద్దు, అవి ఉండవలసినట్టే ఉన్నాయి.

అదే కాయను మాంసం, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం ఉన్న గిన్నెలో వేసి గంటసేపు ఉడికించి చూడండి. సినియోల్ చాలావరకు ఆవిరితో పోతుంది. మిగిలిన పొగ వాసన కొవ్వులో కలిసి, కట్టెల పొయ్యి మీద వండినట్టు ఒక గాఢత ఇస్తుంది. అందుకే బిర్యానీకి మాంసం ఉడికించే నీళ్లలో, గంటల కొద్దీ మగ్గే కూరల్లో, గట్టి పప్పుల్లో, ఎర్ర చిక్కుడు గింజల్లో దానికి చోటు. మాంసం లేని వంటకు ‘బరువు’ తేవాలంటే నేను మొదట చెయ్యి పెట్టేది నల్ల యాలకుల డబ్బాలోనే.

కాబట్టి రెసిపీలో యాలకులు అని కనిపించగానే, ఆ వంటకు కావలసింది చివర్లో తేలే సువాసనా, అడుగున నిలిచే గాఢతా అని చూసుకోండి. సువాసన కావాలంటే పచ్చవి, ఆలస్యంగా. గాఢత కావాలంటే నల్లవి, మొదట్లోనే. రెండూ కావలసిన వంటలు చాలా ఉన్నాయి, వాటిలో రెండూ వేయండి. పచ్చ యాలకులు అయిపోయిన రోజు తీపి వంటలో నల్లవి వేసే కంటే కాస్త జాజికాయ తురుముకోవడం మేలు. యాలకుల రుచి రాదు కానీ ఆ తీపికి ఒప్పుతుంది.

ఇక పచ్చ యాలకులను ఎప్పుడు వేయాలన్నది చూద్దాం. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. యాలకుల నుంచి నూనె తీసేవాళ్లు చేసే పని ఏమిటంటే, దంచిన యాలకుల గుండా ఆవిరి పంపడం. ఆవిరితో పాటు సువాసన బయటికి వచ్చేస్తుంది, దాన్ని చల్లబరిచి నూనె వేరు చేసుకుంటారు. మూత లేకుండా పాలల్లో యాలకుల పొడి వేసి అరగంట మరిగించేటప్పుడు మన వంటింట్లోనూ జరిగేది అదే, కాకపోతే ఆ నూనెను పట్టుకునే ఏర్పాటు మనకు ఉండదు. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే గిన్నెలో అంత తగ్గిందన్నమాట.

అందుకని పొడి అయితే స్టవ్ ఆపేశాక వేసి, ఒకసారి కలిపి, మూత పెట్టి అయిదు పది నిమిషాలు వదిలేయండి. పాలల్లోని వెన్న ఆ వాసనను పట్టుకుంటుంది, ఎందుకంటే యాలకుల నూనె కొవ్వులో కలిసినంత బాగా నీళ్లలో కలవదు. నెయ్యి వేసే వంటైతే, ఆ నెయ్యి గోరువెచ్చగా ఉన్నప్పుడు పొడి అందులో కలిపి చివర్న పోయండి. అంతే పొడితో వాసన ఎక్కువ నిలుస్తుంది. వెన్న తీసిన పాలతో చేసినప్పుడు యాలకులు ‘పట్టడం లేదు’ అనిపించడానికి కారణం కూడా ఇదే.

కాయ పళంగా వేసేటప్పుడు ఇంత జాగ్రత్త అక్కర్లేదు. పొట్టు అడ్డుగా ఉంటుంది కాబట్టి వాసన నెమ్మదిగా దిగుతుంది, మొదట్లో వేసినా కొంత మిగులుతుంది. అయితే కాయను చిదమకుండా కాగే నూనెలో వేయకండి. లోపలి గాలి వేడెక్కి కాయ ఉబ్బుతుంది, ఒక్కోసారి టప్పున పగిలి నూనె మీద పడుతుంది. గరిటె అడుగుతో ఒక్క నొక్కు నొక్కితే చాలు, కొస దగ్గర చీలిక వస్తుంది. మంట మధ్యస్థంగా పెట్టి వేయండి. కాయ ఉబ్బి, అంచులు లేత గోధుమ రంగుకు తిరుగుతుండగానే తరువాతి దినుసో ఉల్లిపాయో పడిపోవాలి. గింజలు మాడితే వచ్చే చేదు ఎంత ఉడికించినా పోదు.

అన్నం వంటల్లో నేను రెండు విడతలుగా వేస్తాను. చిదిమిన కాయలు కొన్ని మొదట నూనెలో, తాజాగా దంచిన గింజల పొడి చిటికెడు దమ్ముకు ముందు పైన. మొదటివి అన్నానికి పడతాయి, రెండోది మూత తీసినప్పుడు తెలుస్తుంది. ఒకే మసాలాను రెండుసార్లు వేయడం అనవసరపు హంగామా అనేవాళ్లున్నారు. వాళ్లు ఒకసారి మొత్తం మొదట్లోనే వేసి, ఇంకోసారి విడగొట్టి వేసి పక్కపక్కన తిని చూడాలి.

కాఫీలో యాలకులు వేసే అరబ్బుల పద్ధతిలోనూ ఇదే సూక్ష్మం కనిపిస్తుంది. లేతగా వేయించిన కాఫీ గింజల పొడిని ముందు నీళ్లలో కాసేపు కాచి, యాలకులు ఆ తరువాత వేసి, కొద్దిసేపు ఉంచి వంచేస్తారు. పాలు, చక్కెర లేకుండా తాగే ఆ కాఫీలో కాఫీ పొడికి దాదాపు సమానంగా యాలకులు వేసేవాళ్లూ ఉన్నారు. ముదురుగా వేయించిన కాఫీకి అంత వేస్తే రెండూ కొట్టుకుంటాయి. గింజ లేత రంగులో ఉండబట్టే అక్కడ కుదురుతుంది.

పిండి వంటల సంగతి వేరు. బన్నులు, కేకుల్లో ఆవిరి బయటికి పోయే దారి తక్కువ, పైగా వెన్న ఉంటుంది, కాబట్టి యాలకులు ముందే కలిపినా నష్టం లేదు. స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లు యాలకుల బన్నులకు గింజలను మెత్తగా పొడి చేయరు, కచ్చాపచ్చాగా దంచుతారు. నమిలేటప్పుడు ఒక్కో పలుకు పంటి కింద పడి అప్పటికప్పుడు వాసన విడుస్తుంది. అర కిలో పిండికి రెండు టీస్పూన్ల దాకా వేస్తారు. చిటికెడుతో సరిపెట్టే మనకు అది ఎక్కువ అనిపించవచ్చు కానీ మెత్తటి పొడి వేరు, పలుకు వేరు. మెత్తటి పొడి అంత వేస్తే మాత్రం సబ్బు తిన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు మీ తెల్ల యాలకులు. ఈ పేరుతో రెండు రకాలు దొరుకుతాయి, గందరగోళమంతా దానివల్లే. మొదటి రకం, పచ్చ యాలకులనే బ్లీచ్ చేసి తెల్లబరిచినవి. గంధకపు పొగ పట్టించో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో ఆ పని చేస్తారు. తెల్లటి వంటల్లో పచ్చ పొట్టు కనపడకూడదని వాడతారు. రంగుతో పాటు వాసనా కొంత పోతుంది. పొట్టు తీసి గింజలు దంచుకుంటే ఎలాగూ రంగు కనపడదు, కాబట్టి వీటిని కొనడం దండగ అని నా అభిప్రాయం. రెండో రకం అసలు వేరే మొక్క. థాయ్‌లాండ్, కంబోడియా అడవుల్లో, జావా వైపు పండే గుండ్రటి కాయలు. కంబోడియాలో ఒక కొండల వరుసకే యాలకుల కొండలని పేరు. థాయ్ మస్సమన్ కూరలో వేసేవి ఇవే, మీ రెసిపీ అడిగిందీ బహుశా వీటినే.

చూసి గుర్తుపట్టడం తేలిక. బ్లీచ్ చేసినవి పచ్చ యాలకుల్లాగే పొడుగ్గా, మూడు పలకలుగా ఉంటాయి. థాయ్ రకం చిన్న గోలీలా గుండ్రంగా, లేత గోధుమ కలిసిన తెలుపులో ఉంటుంది. దాని వాసన మెత్తన, కొద్దిగా కర్పూరం, కొద్దిగా పుదీనా. మస్సమన్‌లో దాన్ని పొడి పెనం మీద వేయించి వాడతారు. దొరక్కపోతే పచ్చ యాలకులు కాస్త తగ్గించి వేయండి, పర్వాలేదు. ఆ కూరలో దాల్చినచెక్క, లవంగం, జీలకర్ర, కొబ్బరిపాలు అన్నీ ఉంటాయి కాబట్టి తేడా పట్టుకోవడం కష్టం. అక్కడ నల్లవి మాత్రం వద్దు, పొగ వాసన కొబ్బరిపాలను మింగేస్తుంది.

యాలకుల పేరు మీద ఇంకో రెండు తారసపడవచ్చు. చైనాలోని యునాన్, ఉత్తర వియత్నాం కొండల్లో ‘త్సావ్‌కో’ అనే కాయ ఉంది. మన నల్ల యాలకులకు దగ్గరి చుట్టం, పరిమాణంలో ఇంకా పెద్దది. వియత్నాం ఫో సూప్‌లో, చైనా వాళ్లు సోయా సాస్‌తో గంటలకొద్దీ ఉడికించే మాంసంలో వేస్తారు. పెద్ద గిన్నెడు సూప్‌కు ఒక్క కాయ చాలు. కాయను పగలగొట్టి, చేదు వద్దనుకుంటే గింజలు దులిపేసి, పొట్టును పెనం మీద కాస్త వేడి చేసి వేస్తారు. ఇది దొరకని చోట నల్ల యాలకులు నిక్షేపంగా పనికొస్తాయి. బదులు వాడకం కుదిరేది ఇలాంటి చోటే. రెండోది ఇథియోపియా కొరరిమా. ఇది ఆఫ్రికా తెగ. కాయ అంజూరమంత ఉంటుంది, పొట్టు గట్టిది, పనికొచ్చేది గింజలే. అక్కడి బెర్బెరే కారంలో, మసాలా వేసి కాచే నెయ్యిలో, కాఫీలో కూడా వేస్తారు. పచ్చ యాలకుల కంటే ఘాటు తక్కువ, పొగ ఉండదు. దానికి బదులు పచ్చ యాలకులు వేసుకోవచ్చు కానీ కాస్త తగ్గించాలి. దీని దాయాది, పశ్చిమ ఆఫ్రికా ‘గ్రెయిన్స్ ఆఫ్ ప్యారడైజ్’ను కూడా కొందరు యాలకులంటారు. అది మిరియాల కారం ఉన్న గింజ. దాన్ని మిరియాల డబ్బా పక్కన పెట్టుకోండి.

కొనే ముందు ఒక కాయ విప్పి చూడటం అలవాటు చేసుకోండి. పచ్చ యాలక్కాయను కొస దగ్గర గోటితో చీల్చితే లోపల మూడు గదులు, మధ్యలో పల్చటి తెల్లటి పొర. ఒక్కో గదిలో గింజలు ఒకదానికొకటి అంటుకుని రెండు వరుసలుగా ఉంటాయి. పక్వానికి వచ్చిన కాయలో అవి నల్లగానో ముదురు గోధుమగానో ఉండి, వేళ్లకు కొంచెం జిగురు తగులుతుంది. ఒక గింజ నమిలితే మొదట తియ్యగా, ఆ వెంటనే ఘాటుగా, చివరికి నాలుక చల్లగా అనిపించాలి. గింజలు తెల్లగా, ముడతలు పడి, గల్లగల్లమంటూ విడిగా రాలితే లేత కాయను కోసి ఆరబెట్టారని అర్థం. కాయ పూర్తిగా పండితే ఆరేటప్పుడు పగిలిపోతుంది కాబట్టి కొద్ది ముందే కోస్తారు. ఆ ‘కొద్ది ముందే’ మరీ ముందుకు జరిగితే వచ్చేవి ఇవి.

పైన పచ్చదనం చూసి మోసపోవద్దు. తక్కువ వేడిలో జాగ్రత్తగా ఆరబెడితే పచ్చగా ఉంటాయన్నది నిజమే, కానీ రంగు పొట్టుది, వాసన గింజది. రంగు అద్దిన కాయలూ ఉంటాయి. నాలుగు కాయలు నీళ్లలో వేస్తే నీళ్లు పచ్చబడటమే దానికి పరీక్ష. ముందే నూనె తీసేసిన కాయలకు సుద్ద పొడి పట్టించి అమ్మడం కూడా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే తెల్లగా అంటుకుంటుంది, వాసన రాదు. సైజు విషయానికొస్తే, లావు కాయ చూడముచ్చటగా ఉంటుంది కానీ చేతిలో బరువు తగలాలి. వ్యాపారంలో గ్రేడు కట్టేటప్పుడు కూడా మిల్లీమీటర్లతో పాటు లీటరు కొలతకు ఎన్ని గ్రాములు తూగుతాయో చూస్తారు. పొడి కొట్టుకోవడానికైతే లోపల నిండుగా ఉన్న చిన్న కాయలు చాలు. ఎగుమతుల్లో గ్వాటెమాలా పేరు ముందుంటుంది. ఆ యాలకుల మొక్క కూడా మనదే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లి స్థిరపడింది. అవి తక్కువ రకమన్న మాట వింటుంటాను. నేను దేశం చూడను, గింజ చూస్తాను.

నల్ల యాలకుల్లో చూడవలసింది వేరు. కాయ చీలకుండా ఉండాలి, ముడతలు ఉన్నా పర్వాలేదు. పగలగొడితే గింజలు నల్లటి జిగురు గుజ్జులో అతుక్కుని ఉండాలి. ఆ గుజ్జు నాలుకకు కాస్త తియ్యగా తగులుతుంది. లోపల పొడిపొడిగా రాలితే పాతవి. ఈ మధ్య పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే పద్ధతులూ వచ్చాయి. అలా ఆరినవి నల్లగా కాక ఎర్రటి గోధుమ రంగులో ఉంటాయి, పొగ వాసన తక్కువ. అవి నాసిరకమేమీ కాదు కానీ, పొగ కోసమే కొనేవాళ్లు వాసన చూసి తీసుకోవాలి.

నల్ల యాలకుల పొగ ఎక్కువగా ఉండేది పొట్టులో. గరం మసాలాకు గింజలు మాత్రమే తీసి పొడి కొడితే కర్పూరం ఘాటు వస్తుంది, పొగ పెద్దగా రాదు. పొగ కావాలంటే కాయను చిదిమి పొట్టుతో సహా గిన్నెలో వేసి, వడ్డించే ముందు ఏరేయండి. కిలో మాంసానికి రెండు కాయలు నా కొలత. నాలుగు దాటితే ఇంకే మసాలా వేసినా పైకి రాదు. ప్రెషర్ కుక్కర్లో అయితే ఒకటి తగ్గించండి, మూత బిగించి ఉంటుంది కాబట్టి వాసన బయటికి పోదు.

పొడి విషయం. పచ్చ యాలకులు కాయగా ఉంటే గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలకుండా ఏడాది బాగానే నిలుస్తాయి. పొడి చేశాక నెలలో సగం సంగతి అయిపోయినట్టే. కొన్న పొడిలో ఇంకో తిరకాసు, పొట్టుతో కలిపి ఆడేస్తారు. కాయ బరువులో మూడో వంతుకు దగ్గరగా పొట్టే, అందులో వాసన నామమాత్రం. అందుకే రెసిపీలో టీస్పూన్ అని ఉంటే ఇంట్లో తీసిన గింజల పొడి తక్కువే వేయాలి. గింజలు కొంచెమే ఉంటే మిక్సీలో ఎగిరి అంచులకు అతుక్కుంటాయి, నలగవు. వంటకు వేయవలసిన చక్కెరలోంచి రెండు చెంచాలు తీసి కలిపి తిప్పండి. చక్కెర పలుకులు వాటిని నలగ్గొడతాయి, బయటికొచ్చిన నూనెను కూడా పట్టుకుంటాయి. కారం వంటకైతే ఉప్పుతో కలిపి చిన్న రోట్లో దంచుకోండి. మిగిలిన పొట్టు పారేయకుండా టీ పొడి డబ్బాలో వేసుకోవచ్చు, ఉన్న కాస్త వాసనా టీకి సరిపోతుంది.

మీ దగ్గర మిగిలిన నల్ల యాలకులకు నేను చెప్పే మొదటి వంట గింజల కూర. ఎర్ర చిక్కుడు గింజలో కాబూలీ శనగలో రాత్రి నానబెట్టి, ఉడికించే నీళ్లలో చిదిమిన కాయ ఒకటి, చిన్న దాల్చినచెక్క ముక్క, ఉప్పు వేయండి. నీళ్లు ముదురు రంగుకు తిరుగుతాయి, కంగారు పడొద్దు. కాయ ఏరేసి, ఆ నీళ్లు ఒంపేయకుండా ఉల్లిపాయ, టమాటా మసాలాలో గింజలతో పాటే పోసి పావుగంట సన్నటి మంట మీద ఉంచండి. దించే ముందు రెండు పచ్చ యాలకుల గింజలు దంచి వేసి మూత పెట్టండి. కాబూలీ శనగలకైతే అందులో కాస్త మామిడి పొడి పడాలి, ఆ పులుపు లేకపోతే పొగ వాసన నోట్లో మొద్దుగా ఉంటుంది.